ఎర్ర చీటీ పళ్ళెం

జూన్ 3

అక్కా,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. జవాబు రాయకపోవడానికి కారణం బద్ధకం కాదు, విప్లవం. మన వంటింట్లో విప్లవం తెచ్చాను.

ముందు అమ్మ సంగతి. కడుపులో గడ్డ తీసెయ్యాల్సిందేనని పెద్ద డాక్టరు తేల్చేశాడు. కానీ అమ్మ రక్తం ఏడు దగ్గరుంది. "పది ఉంటేనే నేను కత్తి పట్టుకునేది. అక్టోబరు మొదటి వారం దాకా చూస్తాను. ఆ తర్వాత నాకు బదిలీ" అన్నాడు. రక్తం పోకుండా ఒక మాత్ర, రక్తం పట్టడానికి ఇనుము మాత్ర రాశాడు. "బలమైన తిండి పెట్టండి" అని కూడా అన్నాడు. అనడానికేం, నోరుంటే చాలు! అన్నయ్య బస్సుల షెడ్డులో టైర్లు విప్పి తెచ్చేదీ, నేను పాత కాగితాల కొట్టులో తూకం వేసి తెచ్చేదీ కలిపితే, అద్దెకీ మందులకీ పోగా వంటింటి డబ్బాలో ఏం మిగులుతుందో నీకు తెలుసు. ఆ డబ్బా ఇచ్చి ఈ డాక్టర్లందరినీ ఒక్క వారం మార్కెట్టుకి తోలాలి.

కానీ జ్ఞానం ఉన్నవాణ్ణి పేదరికం ఏం చేస్తుంది? పోయిన నెల మా కొట్టుకి గోనెసంచుల నిండా ఆరోగ్య కరపత్రాలు వచ్చాయి. జనానికి పంచాల్సినవి, పంచే ఓపిక లేక తూకానికి అమ్మేశారు దుర్మార్గులు! వాటిలో దొరికింది 'తక్కువ ఖర్చు, ఎక్కువ రక్తం' అనే చిన్న పుస్తకం. పన్నెండు పుటలు. చివరి నాలుగూ ఎవరో చింపుకుపోయారు. పోతే పోనీ, ఎనిమిది పుటలు ఆచరించేవాడికి అదే ఎక్కువ.

ఇప్పుడు మనింట్లో చట్టం ఇది. బియ్యం సగానికి తగ్గాయి, పప్పు రెట్టింపయింది. శనగలు తడిగుడ్డలో కట్టి మొలకెత్తిస్తాను. మార్కెట్టు ముగిసే వేళకి వెళ్తే ఆకుకూరల వాళ్ళు వాడిన కట్టల్ని అడిగిన ధరకి ఇచ్చేస్తారు. నీళ్ళలో వేస్తే మళ్ళీ తలెత్తుతాయి. కాడలతో సహా వండుతాను. రోజుకొక గుడ్డు, అది అమ్మకే. అన్నయ్య దానివంక చూసినా నేను ఊరుకోను. పక్కింటావిడ బీట్‌రూట్ పెట్టమంది, ఎర్రగా ఉంటుందని. "ఎరుపే రక్తమైతే ఇటుకలు తినిపించండి" అన్నాను. మాట్లాడటం మానేసింది.

అమ్మ మాత్రం "పాలివ్వమని అడుగుతావేమోరా చివరికి, ఈ గడ్డి అంతా మేపుతున్నావు" అంటుంది. అందుకని ఒక ఒప్పందం చేసుకున్నాం. పళ్ళెం ఖాళీ చేస్తే వెంటనే నా చేత్తో చిక్కటి టీ. ఇనుము మాత్ర కూడా ఆ టీతోనే. నా టీ లాంటిది ఇంకెవరూ పెట్టలేరని అమ్మ అంటుంది. పది మంది ముందు అంటుంది.

వదిన గురించి అడిగావు. ఆవిడ వచ్చి మూడు నెలలైంది. పెద్దాసుపత్రి వంటశాలలో గిన్నెలు కడిగే పని. మనిషి మంచిదే, కాదనను. కానీ నిన్న అమ్మ ఆవిడ చేసిన పప్పు తిని "ఇది పప్పంటే" అంది. మరి పదిహేను రోజులుగా నేను పెట్టింది ఏమిటట?

పొయ్యి ముందు నుంచి,
నీ తమ్ముడు


జూన్ 14

ఒరేయ్ కరపత్రం,

నీకు ఈ పేరే ఖాయం చేశాను. మా గదిలో ఎనిమిది మందికీ నీ ఉత్తరం చదివి వినిపించాను. ఇటుకల దగ్గర ఒకమ్మాయి నవ్వలేక మంచం మీంచి జారింది. ఇక్కడ మేజోళ్ళ ఫ్యాక్టరీలో నవ్వడానికి మాకు వేరే ఏమీ లేదు. పొద్దున్నించి సాయంత్రం దాకా మడమ దగ్గర కుట్టు, మడమ దగ్గర కుట్టు. ప్రపంచంలో ఇంతమందికి కాళ్ళున్నాయని నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది.

అమ్మకి గుడ్డు మానకు. నువ్వు సగం మింగి సగం పెట్టే రకం కాదని తెలుసు, అయినా అక్కని కాబట్టి అంటున్నాను.

వదిన పప్పు సంగతి చదివి మాత్రం నాకు నవ్వు రాలేదు. పదేళ్ళు ఆ పొయ్యి దగ్గర నేను వండాను. ఒక్కరోజు అమ్మ నోట "ఇది పప్పంటే" అన్న మాట వినలేదు. "ఉప్పు తగ్గింది", "ఇంకాస్త ఉడకాలి", ఇవే నాకు వచ్చిన పతకాలు. కొత్త నీరు వచ్చి పాత నీటిని కొట్టుకుపోవడమంటే ఇదే కాబోలు.

ఒక్కటి అడుగుతాను, దాచకుండా రాయి. కిటికీ పక్కన అమ్మ మంచానికి ఆనించి నా పొట్టి పీట ఉంటుంది చూడు, కాలు కాస్త ఊగేది. దానిమీద ఇప్పుడెవరు కూర్చుంటున్నారు?

మడమల మధ్య నుంచి,
అక్క


జూన్ 30

అక్కా,

పీట మీద ఆవిడే కూర్చుంటోంది. దాచొద్దన్నావు కాబట్టి రాస్తున్నాను. ఊగే కాలు కింద అట్టముక్క మడిచి పెట్టి ఊగకుండా కూడా చేసింది. దానిమీద కూర్చుని అమ్మకి తల దువ్వుతుంది. ఇద్దరూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటారు. నేను వెళ్తే ఆపేస్తారు.

ఇంతకంటే పెద్ద సంగతి ఉంది. ఈవిడ నా మీద కుట్ర మొదలుపెట్టింది. మొదటి వారం నిమ్మకాయలతో మొదలైంది. పని నుంచి వస్తూ ఒకటీ అరా తేవడం, అమ్మ పళ్ళెంలో ఆకుకూర మీద పిండటం. "నిమ్మకాయ దేనికి వదినా, డబ్బా ఏమన్నా నిండి పొర్లుతోందా?" అన్నాను. "నేను నడిచి వస్తున్నాలే, బస్సెక్కట్లేదు" అంది. నా ప్రశ్నకీ ఆ జవాబుకీ ఏమన్నా సంబంధం ఉందా?

తర్వాత టీ మీద పడింది. "అత్తయ్యకి అన్నం తిన్న వెంటనే టీ వద్దు. రెండు గంటలు ఆగి ఇవ్వండి."

"ఎందుకు?"

"ఎందుకో నాకు తెలీదు. మా దగ్గర ఎర్ర చీటీ పళ్ళేలకి టీ వెళ్ళదు."

"ఎర్ర చీటీ ఏమిటి?"

"రక్తం తక్కువున్న వాళ్ళ పళ్ళేనికి ఎర్ర చీటీ పెడతారు. దాంట్లో సగం నిమ్మకాయ ఉంటుంది, టీ గ్లాసు ఉండదు."

"ఏ పుస్తకంలో ఉంది?"

"పుస్తకంలో కాదు మరిదిగారూ, పళ్ళెంలో ఉంది."

చూశావా వెటకారం! చీటీ రంగు చూసి వైద్యం చేస్తారా ఎవరన్నా? ఎనిమిది పుటలు కంఠస్థం చేశాను, వాటిలో టీ అన్న మాటే లేదు. గిన్నెలు కడిగే చోట ఎవరో ఏదో అంటే అది శాస్త్రమైపోతుందా? అదే అడిగాను. ఆవిడ పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళింది. అన్నయ్య మాత్రం "నోరు జాగ్రత్త" అన్నాడు. పెళ్ళయిన నాలుగు నెలలకే మా అన్నకి నా నోరు కనపడింది.

ఆ మర్నాడే టీపొడి డబ్బా మాయం. ఇల్లంతా గాలించాను. ఎక్కడుందనుకున్నావు? ఆవిడ ట్రంకుపెట్టెలో, చీరల కింద, తాళం వేసి! పట్టపగలు! "అత్తయ్య అడిగితే మీరు ఆగలేరు, అందుకే" అంటుంది. రెండు వారాలుగా సాయంత్రం నాలుగింటికి తనే ఒక్క గ్లాసు కొలిచినట్టు పెట్టి ఇస్తోంది. మాత్ర నిమ్మకాయ నీళ్ళతో మింగిస్తోంది. ఆవిడ పెట్టేది టీ కాదు, గ్లాసు కడిగిన నీళ్ళు. అమ్మ తాగుతోంది! నా ఒప్పందం చచ్చిపోయింది. నా చేతి టీ కోసం ఆకుకూర తిన్న మనిషి, ఇప్పుడు టీ లేకపోయినా కోడలు కలిపి పెడితే తింటోంది.

రక్తపరీక్ష చేయించాం. ఏడు నుంచి ఎనిమిదికి వచ్చింది. నా మొలకలు, నా కాడలు! ఈ ఇంట్లో ఎవరన్నా ఆ మాట అన్నారా? అమ్మ కాగితం చూసి "మా కోడలు అడుగుపెట్టిన వేళ" అంది.

అక్కా, నాకు కడుపు మండిపోతోంది. అబద్ధమెందుకు?

నీ తమ్ముడు


జూలై 8

తమ్ముడూ,

తాళమా? అమ్మ టీకి తాళమా?

ఆ మనిషి జీవితంలో తనకంటూ కోరుకున్నది ఏమిట్రా? చీరా, నగా, సినిమానా? రోజుకి నాలుగు గ్లాసుల టీ. నాన్న పోయిన రోజున కూడా, అందరూ ఏడుస్తుంటే, నేను గ్లాసు చేతికిస్తే తాగి "ఇప్పుడు నాకు ఏడుపొస్తుందిలే" అంది. అలాంటి దానికి ఈవిడ వచ్చి తాళం వేస్తుందా? పీట సంగతి చదివి మూడు రోజులు ఊరుకున్నాను. అది ఊగడం అమ్మకి ఇష్టమని ఈవిడకి తెలుసా? నేను కూర్చుని ఊగుతుంటే "ఉయ్యాల ఆపవే" అని నవ్వేది.

ఈ ఉత్తరంతో పార్శిల్ పంపుతున్నాను. ఇక్కడ దొరికే మేలురకం టీపొడి, అమ్మకి ఇష్టమైన ముదురు రంగు వచ్చేది. నా ఓవర్‌టైంతో కొన్నది. నీ చేత్తో పెట్టు, అమ్మ అడిగినప్పుడల్లా పెట్టు. లోపల ఒక చీటీ ఉంది. అది వదినకి. నువ్వే అందరి ముందూ చదువు.

నేను దూరంగా ఉన్నానని నా చోటు ఖాళీ అయిపోలేదు. ఆ సంగతి తెలియాలి.

అక్క


ఆగస్టు 4

అక్కా,

నీ చీటీ చదివాను. అందరూ భోజనాల దగ్గరున్నప్పుడు, నిలబడి, ఉపన్యాసంలా. 'నిన్న మొన్న గడప దాటి వచ్చిన మనిషికి మా అమ్మ టీకి తాళం వేసే హక్కు ఎవరిచ్చారు? ఇది నా కష్టార్జితం. నీ పెట్టెలో పెట్టుకోకు.' చదువుతుంటే నాకు ఒళ్ళు పొంగింది. అన్నయ్య ముద్ద వదిలేసి లేచాడు. వదిన లేవలేదు. తినడం ముగించి, చెయ్యి కడుక్కుని, నడుముకున్న తాళంచెవి తీసి నా పళ్ళెం పక్కన పెట్టింది. "చెప్పడం నా వంతు, వినడం మీ వంతు. నా వంతు అయిపోయింది" అంది. అంతే.

అప్పట్నించి మొదటి షిఫ్టు అడిగి పెట్టించుకుంది. తెల్లారకముందే వెళ్ళి, భోజనం అక్కడే చేసి వస్తోంది. నిమ్మకాయలు తేవడం మానేసింది. వంటిల్లు పూర్తిగా నా చేతికి వచ్చింది. గెలిచాను.

గెలిచినవాడికి ఇలా ఎందుకుంటుందో ఏ కరపత్రంలోనూ రాయలేదు. అమ్మ నీ టీ తాగి "నా కూతురు పంపింది" అని మురిసింది, అది నిజం. నాలుగు పూటలా తాగుతోంది, పళ్ళెం నాకి మరీ తింటోంది. కానీ గ్లాసు చేతికిచ్చిన ప్రతిసారీ "కోడలు తిన్నదంటావా?" అంటుంది. పీట ఖాళీగా ఉంది. అట్టముక్క తీసేశాను. ఇప్పుడు ఊగుతోంది, కూర్చునే వాళ్ళు లేరు.

అసలు సంగతి రాయడానికి చెయ్యి రావట్లేదు. నిన్నటి పరీక్షలో ఏడున్నర. ఎనిమిది నుంచి కిందకి దిగింది. ఎలా దిగుతుంది? కొట్టు నుంచి చిన్న తక్కెడ తెచ్చి అమ్మ పళ్ళెం తూచాను. పప్పు సరిపోయింది, ఆకు సరిపోయింది, గుడ్డు నా కళ్ళముందే తింది. మాత్ర నా చేత్తోనే టీతో మింగించాను. రక్తం పోవడం కూడా మాత్రతో చాలావరకు తగ్గింది. డాక్టరు కాగితం చూసి "ఇలాగైతే అక్టోబరు మర్చిపోండి" అన్నాడు. బయటికొచ్చాక మెట్లు దిగలేక అమ్మ నా భుజం పట్టుకుంది. చెయ్యి పక్షి కాలులా ఉంది.

ఆవిడ అలిగి ఉసురు తగిలేలా చేసిందేమో అని కూడా అనుకున్నాను. శాస్త్రం చదివిన నేను!

నా పుస్తకం ఎనిమిదో పుట చివర చిన్న అక్షరాలతో ఇలా ఉంది: 'తప్పక పాటించవలసిన జాగ్రత్తలు తరువాతి పుటలో'. ఇన్నాళ్ళూ ఆ వాక్యాన్ని పట్టించుకోలేదు. కొట్టులో మిగిలిన సంచులన్నీ వెతికాను, అప్పటికే మిల్లుకి వెళ్ళి గుజ్జయిపోయాయి. మీ ఫ్యాక్టరీలో నర్సు ఉందన్నావు కదా. ఆవిడ దగ్గర ఆ పుస్తకం ఉంటుందేమో అడగవూ?

నీ తమ్ముడు


ఆగస్టు 11

తమ్ముడూ,

అడగడానికి ప్రత్యేకం వెళ్ళక్కర్లేకపోయింది. నీ ఉత్తరం చదివిన మధ్యాహ్నమే సూది నా వేలి గోరులోంచి దిగింది. కట్టు కడుతున్న నర్సుని అడిగితే, సొరుగు లాగి, మందుసీసాల కింద పరిచిన పుస్తకం తీసి ఇచ్చింది. పన్నెండు పుటలూ ఉన్నాయి.

తొమ్మిదో పుట అచ్చంగా దించి రాస్తున్నాను. కట్టుతో రాస్తున్నాను, అక్షరాలు చూసి నవ్వకు.

'భోజనంతోగానీ, భోజనమైన వెంటనేగానీ టీ తాగరాదు. ఆహారంలోని ఇనుమును టీ ఒంటికి పట్టనివ్వదు. రెండు గంటలు ఆగవలెను. ఇనుము మాత్రను టీతో మింగరాదు. నిమ్మ వంటి పులుపుతో తీసుకొనిన బాగా పట్టును.'

నాలుగుసార్లు చదివాను. నర్సు "ఏమ్మా, నొప్పిగా ఉందా?" అంది. ఉందన్నాను.

నువ్వు అమ్మకి పెట్టిన ప్రతి ఆకునీ నీ టీ మింగేసిందిరా. నీ టీ ఏమిటి, నా టీ. ఓవర్‌టైం చేసి, పార్శిల్ కట్టి, మేలురకం చూసి, ముదురు రంగు చూసి మరీ పంపాను. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటూ నువ్వు కూర్చుంటే, నాలుగో కాలు నేను ఇక్కణ్ణించి విరిచాను.

ఒక నిజం చెప్తాను. నువ్వు తాళం సంగతి రాసినప్పుడు, ఎందుకు వేసి ఉంటుందని నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పీట మీద కూర్చున్న మనిషి ఏం చేసినా తప్పే అవ్వాలని ముందే నిర్ణయించుకున్నాను. అమ్మ టీ కోసం కాదురా నేను ఏడ్చింది. నా చోటు కోసం.

అప్పుడు నా చీటీ ఎలా చదివావో, ఈ పుట కూడా అలాగే చదువు. నిలబడి, అందరి ముందూ. దీని కింద 'ఆడపడుచు తప్పు ఒప్పుకుంటోంది' అని నేను రాసింది కూడా చదువు. గొంతు తగ్గించకు.

అక్క


ఆగస్టు 19

అక్కా,

చదవలేదు. కోపగించుకోకు, పూర్తిగా విను. అందరూ కలిసే భోజనాల వేళకి వదిన ఇంట్లో ఉండదు, లేని మనిషికి ఎవరు చదువుతారు? అందుకని నేనే ఆసుపత్రి వంటశాలకి వెళ్ళాను.

వెనకవైపు పొడుగాటి గది, ఆవిరి. గోడ పొడుగునా బల్ల. బల్ల మీద వరసగా పళ్ళేలు. కొన్నిటి అంచు కింద ఎర్ర చీటీ. వాటిలో సగం నిమ్మకాయ ఉంది, గ్లాసు లేదు. వదిన చెప్పిన మాట చెప్పినట్టుగా, పొల్లుపోకుండా, నలభై పళ్ళేలు నా వంక చూశాయి.

వదిన తొట్టి దగ్గర మోచేతుల దాకా నురగలో ఉంది. నీ కాగితం తీసి చదివాను. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పని ఆపేశారు. చదవడం అయ్యాక, "నన్ను తిట్టు వదినా" అన్నాను.

"తిట్టడానికి తీరికేది? ఆ గుడ్డ తీసుకుని ఇవి తుడవండి" అంది.

తుడిచాను. యాభయ్యో, అరవయ్యో. అప్పుడు మెల్లగా అంది: "ఎందుకని మీరడిగారు చూడండి, ఆ ముక్క నేనూ నర్సమ్మని అడిగాను. 'నీకెందుకు, చెప్పింది చెయ్' అంది. కారణం తెలీనిదాన్ని, మీ పుస్తకం ముందు ఏమని వాదించను? అందుకే తాళం వేశాను. ఆ కాగితం ఇటివ్వండి, ఇంకోసారి చదవండి. ఇనుమును పట్టనివ్వదా? అదీ సంగతి!" కొత్తది తెలుసుకున్నానని ఆవిడ మొహం వెలిగిపోయింది. గెలిచానని కాదు. నేనైతే ఈపాటికి బల్లెక్కి ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి.

పక్కనున్న పెద్దావిడ "ఈయనేనా మీ పండితుడు?" అంది. అంటే నా గురించి ఇక్కడ రోజూ చెప్పుకున్నారన్నమాట. అనుభవించాలి.

ట్రంకుపెట్టె తాళంచెవి తిరిగి ఇచ్చేశాను. నీ పొడి కూడా ఆ పెట్టెలోకే వెళ్ళింది. అమ్మకి విషయం చెప్తే, "మీ ముగ్గురూ నా కోసం కొట్టుకుంటుంటే బాగానే ఉంది. ఇన్నేళ్ళలో నన్నెవరు పట్టించుకున్నారు?" అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఇంక ఏడు వారాలే ఉన్నాయి.

తుడుపుగుడ్డ చేత్తో,
నీ తమ్ముడు


అక్టోబరు 9

అక్కా,

తంతి అందే ఉంటుంది. వివరాలు ఇప్పుడు రాస్తున్నాను. ఈ కాగితం ఎర్రగా ఉందేమని ఆశ్చర్యపోకు. పళ్ళెం కింది చీటీలు, వెనకవైపు ఖాళీగా ఉంటాయి. నాలుగు అడిగి తెచ్చుకున్నాను.

సెప్టెంబరు మొదట్లో ఎనిమిది పాయింటు నాలుగు, నెలాఖరుకి తొమ్మిది పాయింటు ఆరు. మిగతా కాస్త కోసం ఆ చివరి వారం మేము పడ్డ పాట్లు నీకు చెప్పినా అర్థం కావు. అన్నయ్య షెడ్డు నుంచి వస్తూ దారిలో చెట్టు నిమ్మకాయలు అడుక్కొచ్చాడు. నేను వారంపాటు గుడ్డుపెంకులవంక చూసి అన్నం తిన్నాను. ఆరో తారీకున పది పాయింటు ఒకటి. డాక్టరు కాగితాన్ని తిప్పి తిప్పి చూసి "ఏం పెట్టారు?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు నా నోరు నాకే గుర్తొచ్చి మూసుకున్నాను. "మా వదినని అడగండి" అన్నాను. అడిగాడు. అందుకూ నాకు కుళ్ళు పుట్టింది. ఈ రోగానికి మాత్ర ఏదన్నా ఉంటే మీ నర్సుని అడుగు.

గడ్డ తీసేశారు. ఇవాళ మూడో రోజు. మొదటిసారి మెత్తటి అన్నం, పప్పుకట్టు పెట్టమన్నారు. ఈ నాలుగు నెలలూ ఈ పూట కోసమే పనిచేసినట్టు వదిన వండి తెచ్చింది. పళ్ళెం అంచు కింద తనే ఒక ఎర్ర చీటీ కూడా పెట్టింది, ముచ్చటగా. అమ్మ నాలుగు ముద్దలు తిని, తల తిప్పి, "వాడేడీ? వాడి చేతి టీ కావాలి" అంది.

అక్కా, ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం గొప్పది కాదు, నీచమైనది. అయినా సంతోషమే. ఫ్లాస్కు తేవడానికి ఇంటికి పరిగెత్తబోయాను. తాళంచెవి కోసం చెయ్యి చాస్తే వదిన ఇచ్చింది కానీ ఇస్తూ మొహం తిప్పుకుంది. "ఇన్నాళ్ళు వండాను మరిదిగారూ. కళ్ళు తెరిచి మీ టీ అడుగుతుందా ఆవిడ? నాకు కడుపు మండదా ఏంటి?" అంది.

ఆ మంట నాకు బాగా తెలిసినది. నాలుగు నెలలు ఇంట్లో పెట్టుకుని పెంచాను. "కూర్చో వదినా" అని మంచం పక్కకి స్టూలు జరిపాను. దాని కాలు ఊగుతోంది. ఆవిడ అట్టముక్క కోసం చుట్టూ వెతికింది. "వద్దు, ఊగనీ" అంది అమ్మ, కళ్ళు మూసుకునే. "నా కూతురున్నట్టుంటుంది."

ఇంటికెళ్ళి నీ పొడితోనే పెట్టి తెచ్చాను. ఫ్లాస్కు నా ఒళ్ళో ఉంది, వెచ్చగా తగులుతోంది. అమ్మ రెండుసార్లు అడిగింది. నేను లేవబోయాను. వదిన గోడ గడియారం చూపించి "గంటా యాభయ్యే అయింది" అంది. ఇద్దరం వసారా బెంచీ మీద కూర్చుని ఆ ముల్లు వంక చూస్తున్నాం. ఈ ఉత్తరమంతా ఆ రెండు గంటల్లో రాసిందే.

ఇదిగో, రెండు గంటలైంది, వదిన లేచింది. గ్లాసు తనే కడుగుతానంటోంది. పొయ్యడం మాత్రం నేనే.

నీ తమ్ముడు